దర్శనం చేసుకోకుండా కొండ దిగి వచ్చాను

మే నెల రెండో వారంలో ఒక రోజు తెల్లవారుజామున నాలుగున్నరకి అలిపిరిలో నడక మొదలుపెట్టాను. మెట్ల దారిలో తిరుమల చేరి, అక్కణ్ణించి నారాయణగిరి మీద ఉన్న శ్రీవారి పాదాల దాకా నడిచి, సాయంత్రం శ్రీవారి మెట్టు దారిలో కిందికి దిగి, చీకటి పడేసరికి ఇంట్లో ఉన్నాను. ఒక్కదాన్నే పోయాను. గుళ్ళోకి పోలేదు.

ఈ రెండు మాటల్లో మా అమ్మకి ఏది ఎక్కువ కష్టం కలిగించిందో ఇప్పటికీ నాకు తెలియదు. "పైదాకా పొయ్యి స్వామిని చూడకుండా దిగొచ్చినావా?" అని మొదట అడిగింది, కాసేపు ఏమీ మాట్లాడలేదు, మళ్ళీ "అదీ ఒక్కదానివే పొయ్యేదేంది మే, చెప్పుంటే మీ అన్న వచ్చుంటాడు గదా" అంది. కోపం కాదది, భయం. ఏదో అపచారం జరిగిందేమోనన్న భయం. అమ్మకి డెబ్బై నాలుగేళ్ళు, తిరుపతిలోనే పుట్టి పెరిగింది, కొండకి ఎన్నిసార్లు పోయిందో లెక్కే లేదు. ఆమె మాటని తేలిగ్గా తీసిపారేయలేను. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. ఆ రోజు నేను చేసింది తప్పు కాదని, ఇంకా చెప్పాలంటే తిరుపతిలో ఉండే ప్రతి ఒక్కరూ ఏడాదికి ఒక్కసారైనా ఇట్లా పోవాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మొదట మన మాటనే చూడండి. తిరుపతిలో ఎవరూ "గుడికి పోతున్నాం" అనరు. "కొండకి పోతున్నాం" అంటారు. "వాళ్ళు పైన ఉన్నారు", "నిన్ననే కిందికి దిగినారు" అంటారు. మా వీధిలో పాలు పోసే ఆయన కూడా "కొండకి పొయినారా అమ్మా, రెండు దినాలు కనపడలేదు" అంటాడు. నోట్లో ఉన్నది కొండే. కానీ మనం చేసేదేమిటి? బస్సు ఎక్కి కళ్ళు మూసుకుంటాం, నలభై, యాభై నిమిషాల్లో పైన దిగుతాం, క్యూలో నిలబడతాం, దర్శనం, లడ్డూ, మళ్ళీ బస్సు. ఘాట్ రోడ్డు పడింది 1944లో. అంతకు ముందు ఎంతటివాళ్ళైనా నడిచో, డోలీలోనో పోవాల్సిందే, కొండ తగలకుండా స్వామి దగ్గరికి చేరే దారే లేదు. రోడ్డు వచ్చాక ముసలివాళ్ళకి, జబ్బుపడ్డవాళ్ళకి, చంటిబిడ్డల తల్లులకి ఎంత మేలు జరిగిందో నాకు తెలుసు, దాన్ని నేను కాదనడం లేదు. కానీ కాళ్ళు బాగున్నవాళ్ళం కూడా కొండని మధ్యలో దాటాల్సిన దూరం లాగా చూడటం అప్పటినుంచే అలవాటైంది.

నడిచేవాళ్ళు లేరా అంటే వేలల్లో ఉన్నారు. వాళ్ళలో చాలామంది మొక్కు కోసం ఎక్కుతారు, కొంతమంది దర్శనం టోకెన్ దొరుకుతుందని ఎక్కుతారు. ఎవరినీ తప్పు పట్టను. నేనూ రెండిటికీ ఎక్కాను. అయితే అట్లా ఎక్కినప్పుడు మనసంతా పైనే ఉంటుంది. ఎన్ని మెట్లయింది, ఎన్ని మిగిలాయి, టోకెన్ దొరుకుతుందా, గది దొరుకుతుందా, క్యూ ఎంత ఉంది. అలిపిరి దారిలో 3,550 మెట్లు, దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. ఇరవై ఏళ్ళుగా ఆ దారిలో పోతున్న నాకు, దారిలో ఏ చెట్టు పేరు అడిగినా తెలియదని రెండేళ్ళ కిందట మా బళ్ళో ఒక పిల్ల అడిగినప్పుడు తెలిసింది. ఏడో తరగతి పిల్ల. "టీచర్, ఎర్రచందనం చెట్టు ఎట్లుంటాది?" అని అడిగింది. ప్రపంచం మొత్తం మీద సహజంగా మన ఈ కొండల్లోనే, చుట్టుపక్కల నాలుగైదు జిల్లాల్లోనే పెరిగే చెట్టు, పేపర్లో వారానికి ఒకసారైనా దుంగలు పట్టుబడ్డ వార్త చదువుతాం, దాన్ని నేను నిలబడి ఉండగా చూసి గుర్తుపట్టలేను. ఆ రోజు చాలా బాధ కలిగింది.

టీచర్ని కాబట్టి నాకు తీరిక దొరికేది మే నెలలోనే. "ఎండాకాలంలో కొండ ఎక్కడమేంది, డిసెంబర్లో పోవచ్చు గదా" అని స్టాఫ్ రూమ్‌లో అందరూ అన్నారు. నిజమే, తిరుపతిలో మేలో నలభై రెండు డిగ్రీలు మామూలు. కానీ ఎండాకాలం అడవి చూడాల్సిన అడవి. ఆకులన్నీ రాలిపోయి కొండ రాయి బయటపడుతుంది, వానాకాలం పచ్చదనంలో కనిపించనిదంతా అప్పుడు కనిపిస్తుంది. ఎర్రచందనం పూసేది కూడా ఏప్రిల్, మే, జూన్ నెలల్లోనే. చిన్న చిన్న పసుప్పచ్చ పూలు. మొసలి వీపులాగా పలకలు పలకలుగా పగిలిన నల్లటి బెరడు, పైన లేత ఆకుల మధ్య ఆ పసుపు. మెట్ల దారి మధ్యలో వచ్చే గాలిగోపురం దాటాక దారి పక్కనే ఒక చెట్టు కింద నిలబడి పది నిమిషాలు చూశాను. వెనక వస్తున్నవాళ్ళు ఏదో పాము కనిపించిందనుకుని ఆగి, నేను చూసేవైపు చూసి, ఏమీ లేదని పోయారు. ఆ పిల్ల కోసం రాలిన పూలు నాలుగు నోటు పుస్తకంలో పెట్టుకుందామనుకుని, మళ్ళీ ఇది అడవి, పూవైనా తీయకూడదని వదిలేశాను. ఫోటో తీసుకున్నాను.

ముందు జరిగింది చెప్పకుండా మధ్యలోకి వచ్చేశాను. అలిపిరిలో పాదాల మండపం దగ్గర ఆ వేళకే జనం ఉన్నారు. లోపల లోహపు పాదరక్షలు నెత్తి మీద పెట్టుకుని ప్రదక్షిణ చేస్తున్నారు. ఒకావిడ, నా ఈడే ఉంటుంది, వాటిని రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకుని నడుస్తోంది, చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. నేనూ పెట్టుకున్నాను. బరువుగా, చల్లగా ఉన్నాయి. గుళ్ళోకి పోనని ముందే అనుకున్నాను కాబట్టి నాకు నమ్మకం లేదనుకోకండి. ఆ పాదాలు నెత్తిన పెట్టుకునే నా నడక మొదలైంది.

గాలిగోపురం దాకా ఉన్న రెండు వేల పైచిలుకు మెట్లే అసలు కష్టం. అంతా ఎక్కుడే. దారి పొడుగునా చాలావరకు పైకప్పు ఉంది కాబట్టి ఎండ తగలదు కానీ, మే నెలలో తెల్లవారుజామున కూడా గాలి ఆడదు, పావుగంటకే జాకెట్ వీపుకి అతుక్కుపోయింది. ఒక అమ్మాయి ప్రతి మెట్టుకీ పసుపు, కుంకుమ పెడుతూ వంగి వంగి ఎక్కుతోంది, ఆమె వెనక తమ్ముడనుకుంటాను, కర్పూరం వెలిగిస్తున్నాడు. వాళ్ళ పక్కనుంచి పోవాలంటే జాగ్రత్తగా అడుగెయ్యాలి, చెమట పాదానికి పసుపు తగిలితే జారుతుంది. ఎవరి మొక్కు వాళ్ళది, ఎవరి వేగం వాళ్ళది. ఇక్కడే ఒంటరిగా పోవడంలో ఉన్న సుఖం తెలిసింది. మా ఇంటివాళ్ళతో వచ్చినప్పుడు ఎవరో ఒకరికి ఆయాసం వస్తే మిగతావాళ్ళు ఆగాలి, ఎవరో ఒకరు ముందు పోతే వెనకవాళ్ళకి టెన్షన్. "ఎక్కడున్నావు", "ఏ గోపురం దగ్గర" అని ఫోన్లు. ఆ రోజు నాకు ఆగాలనిపిస్తే ఆగాను. మోకాళ్ళు నొప్పి పెడితే కూచున్నాను. ఎవరికీ సంజాయిషీ లేదు.

"ఆడమనిషి ఒక్కతే" అన్న మాట గురించి రాయాలి. ఆ రోజు పైన మధ్యాహ్నం నేను భోజనం చేసింది మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో. దర్శనం టికెట్ చూపించమని అక్కడ ఎవరూ అడగరు, వచ్చినవాళ్ళందరికీ ఆకు వేస్తారు. ఎంతమంది ఆ పేరు చదువుతూ లోపలికి పోతారో, ఆ పేరు ఎవరిదో ఎంతమందికి తెలుసో. వెంగమాంబ 1730లో మన వైపు తరిగొండలో పుట్టింది. చిన్నవయసులోనే భర్త పోయాడు. వితంతువు ఎట్లా ఉండాలని ఊరు చెప్పిందో అట్లా ఉండనంది, ఊరు వదిలి తిరుమల చేరింది. అక్కడా కొంతమందితో పడక, తుంబురు కోనకి పోయి ఏళ్ళ తరబడి తపస్సు చేసిందని చెబుతారు. తుంబురు కోన అంటే ఇప్పటికీ ఏడాదికి ఒక్కసారి ఫాల్గుణ పౌర్ణమి ముక్కోటికి మాత్రమే జనాన్ని పోనిచ్చే అడవి. దాదాపు 250 ఏళ్ళ కిందట ఒక్క ఆడమనిషి అక్కడ ఉండి, పద్యాలు రాసి, తిరిగి వచ్చింది. ఈ రోజుకీ రాత్రి ఏకాంత సేవలో స్వామికి ఆమె పేరు మీద ముత్యాల హారతి ఇస్తారు. ఆమె పేరున్న హాల్లో కూచుని అన్నం తింటూ, లైట్లు, పోలీసులు, మంచినీళ్ళ కుళాయిలు, వేలమంది జనం ఉన్న మెట్ల దారిలో పట్టపగలు నడిచి వచ్చినందుకు నేను ఎవరికో జవాబు చెప్పుకోవాలా అనిపించింది. కడుపు నిండా తిన్నాను. వడ్డించే అబ్బాయి రెండోసారి సాంబారు పోస్తూ "ఇంకొంచెం అన్నం అక్కా" అన్నాడు, వేయించుకున్నాను.

అయితే ఒంటరిగా పొమ్మని చెప్పేటప్పుడు ఎక్కడికి పొమ్మంటున్నానో స్పష్టంగా చెప్పాలి. మెట్ల దారి, రోడ్డు, జనం పోయే చోటు. అంతే. శేషాచలం అడవిలోకి అనుమతి లేకుండా ఎవరో యూట్యూబ్‌లో పెట్టిన వీడియో చూసి తీర్థాలు వెతుక్కుంటూ పోవడం నేను ఒప్పుకోను, ముగ్గురు పోయినా, ముప్పై మంది పోయినా సరే. అది శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం. 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వ్ కూడా. చిరుతలు ఉన్నాయి, ఎలుగుబంట్లు ఉన్నాయి. 2023లో ఇదే అలిపిరి దారిలో ఒక పసిబిడ్డని చిరుత పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాతే మధ్యాహ్నం రెండు దాటాక పన్నెండేళ్ళ లోపు పిల్లల్ని మెట్ల దారిలో పోనివ్వకుండా ఆపారు, నడిచేవాళ్ళకి చేతికర్రలు ఇచ్చారు. ఆ బిడ్డ సంగతి తలుచుకోకుండా ఏడో మైలు దగ్గర నేను అడుగు వెయ్యలేను. కొండ అంటే ప్రేమ ఉన్నవాళ్ళకి ఆ భయం కూడా ఉండాలి.

మోకాలి మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఏడున్నర అయింది. దానికి ముందు దారి కాసేపు ఘాట్ రోడ్డు పక్కకి వస్తుంది, అక్కడ పిట్టగోడ పట్టుకుని చూస్తే అవ్వాచారి కోన. ఎంత లోతో. అప్పుడే ఎండ అవతలి గోడ మీద పడుతోంది, ఎర్రటి రాయి పొరలు పొరలుగా, పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. రోడ్డు మీద బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. నేను నిలబడిన ఇరవై నిమిషాల్లో కిటికీలోంచి లోయ వైపు చూసిన ముఖాలు నాలుగైదే. నేనూ బస్సులో పోయినప్పుడు అంతే.

ఆ రాయి గురించి ఎవరూ మాకు బళ్ళో చెప్పలేదు, నేను మాత్రం పిల్లలకి చెబుతున్నాను. ఈ కొండకి అడుగున ఉన్నది గ్రానైటు, సుమారు 250 కోట్ల ఏళ్ళ పాతది. దాని మీద కూచున్నది నగరి క్వార్ట్జైట్ అనే రాయి, సుమారు 160 కోట్ల ఏళ్ళది, ఒకప్పుడు నీటి ఒడ్డున పేరుకున్న ఇసుక గట్టిపడి అయింది. ఈ రెండిటికీ మధ్య కాలానికి చెందిన రాయే లేదు. అన్ని కోట్ల ఏళ్ళ లెక్క గల్లంతైన గీత ఒకటి ఘాట్ రోడ్డు పక్కన కంటికి కనిపిస్తుంది, భారత భూవిజ్ఞాన సర్వే వాళ్ళు దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించారు. పైన చక్రతీర్థం పక్కనున్న శిలాతోరణం కూడా అదే క్వార్ట్జైట్. ఎనిమిది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు, గాలి, నీరు చెక్కిన ద్వారం. పాదాలకి పోయే దారిలో దాని ముందు ఆగాను. అంతా సెల్ఫీలు తీసుకుంటున్నారు, ఒకాయన వాళ్ళ మనవడికి "స్వామి ఇక్కడే మొదట దిగినాడు నాయనా" అని చెబుతున్నాడు. రాయి వయసు ఆ పిల్లవాడికి చెప్పాలనిపించింది, మధ్యలో దూరడం బాగుండదని ఊరుకున్నాను. రెండు మాటలూ ఆ పిల్లవాడికి అందితే బాగుండు. ఒకటి తెలిస్తే ఇంకోటి చెడిపోతుందని నేను అనుకోను.

మోకాలి మెట్టు దగ్గర మెట్లు నిజంగానే మోకాళ్ళ ఎత్తుకి వస్తాయి. ఈ కొండంతా ఆదిశేషుడి శరీరమని, దాని మీద కాలు పెట్టడానికి మనసొప్పక రామానుజులవారు మోకాళ్ళతో ఎక్కారని పెద్దలు చెబుతారు. అక్కడ భాష్యకార్ల సన్నిధి, అంటే రామానుజులవారి గుడి, ఉంది. అమ్మకి ఈ కథ నాకన్నా బాగా తెలుసు, నాకు చెప్పిందే ఆమె. నేను అమ్మతో అన్నది ఇదే. పైకి చేరడం ఒక్కటే లెక్కయితే ఆయన కాళ్ళతో నడిచి తొందరగా చేరి ఉండేవాడు గదా. ఆయనకి కొండే స్వామి అయింది కాబట్టి మోకాళ్ళు నేలకి ఆనించాడు. కులశేఖర ఆళ్వారు రాజు అయి ఉండి ఏమి కోరుకున్నాడు? ఈ కొండ మీద కొంగగా పుట్టించు, చేపగా పుట్టించు, చెట్టుగా, ఏరుగా, నడిచే దారిగా పుట్టించు, ఏదైనా సరే కొండ మీద ఉంటే చాలు అన్నాడు. గర్భగుడి గడపకి ఈనాటికీ కులశేఖరపడి అనే పేరు. అంతటివాళ్ళు కొండని కొండగా పూజించారు. ఒక్క రోజు నేను కొండ మీద నడిచి, కొండని చూసి, దండం పెట్టుకుని దిగి వస్తే స్వామికి కోపం ఎందుకు వస్తుంది?

అమ్మ దీనికి "వాళ్ళంతా దర్శనం కూడా చేసుకున్నోళ్ళే" అంది. ఆ మాట నిజం. దానికి నా దగ్గర ఉన్న జవాబు పెద్దదేమీ కాదు. నేనూ చేసుకుంటాను, ఇంకో రోజు. వేసవి సెలవుల్లో సర్వదర్శనం ఒక్కోసారి ఇరవై గంటలు దాటుతోంది. శ్రీకాకుళం నుంచి, మహారాష్ట్ర నుంచి, తమిళనాడు నుంచి రెండు రాత్రులు ప్రయాణం చేసి వచ్చినవాళ్ళు ఆ క్యూలో ఉన్నారు. కిందనే ఉండే నేను, కార్తీకంలోనో, మామూలు మంగళవారమో పోగలిగిన నేను, మే నెలలో ఆ క్యూలో ఇంకో మనిషిగా నిలబడకపోతే ఎవరికో ఒక చోటు ముందుకి జరుగుతుంది. ఆ రోజు వరాహస్వామి గుడి ముందు మాత్రం ఆగి బయటినుంచే చేతులు జోడించాను. ఈ క్షేత్రం మొదట ఆయనది, శ్రీనివాసుడికి చోటిచ్చింది ఆయన. కొండ కోసం వచ్చినదాన్ని, కొండ సొంతదారుకి చెప్పుకుని పోవాలి గదా.

ఇక నేను చేసిన తప్పు. చెప్పులు ఇంటి దగ్గరే వదిలి వచ్చాను. మెట్ల దారికి ఎప్పుడూ అంతే, చిన్నప్పటినుంచీ అలవాటు. పసివాడు అన్నమయ్య ఎవరికీ చెప్పకుండా తాళ్ళపాక నుంచి బయల్దేరి వచ్చి, మోకాలి మెట్టు దగ్గర చెప్పులతోనే వెదురు పొద నీడన సొమ్మసిల్లి పడిపోతే, అలమేలుమంగమ్మే ముసలమ్మలాగా వచ్చి, చెప్పులు విడిచి ఎక్కు నాయనా అని చెప్పి ప్రసాదం పెట్టిందని కథ. ఆ కథ విని పెరిగినవాళ్ళం చెప్పులేసుకుని ఎక్కలేం. మెట్ల మీద పైకప్పు ఉన్నంతసేపు ఏమీ కాలేదు. కానీ గుడి దగ్గర్నించి నారాయణగిరి మీది పాదాలకి నాలుగైదు కిలోమీటర్లు, అక్కడ అంత నీడ లేదు. తొమ్మిదింబావుకి బయల్దేరాను. తొమ్మిదిన్నర దాటితే పాదాలు మానుకుని వెనక్కి తిరగాలని ఇంట్లోనే అనుకుని వచ్చాను, అందుకే పావుగంట ముందున్నానని సంతోషపడ్డాను. కాళ్ళ సంగతి ఆలోచించలేదు.

పైన కొంచెం చల్లగా ఉంటుంది, కిందికన్నా నాలుగైదు డిగ్రీలు తక్కువ. ఆ చల్లగాలి మనిషిని మోసం చేస్తుంది. ముఖానికి గాలి తగులుతుంటే ఎండ తెలియదు, పాదాలకి తెలుస్తుంది. పదిన్నరకి ఆఖరి మెట్ల దగ్గరికి వచ్చేసరికి రాయి పెనంలాగా ఉంది. నీడ నుంచి నీడకి పరిగెత్తాను. ఒకచోట నీడే లేదు, ముప్పై అడుగులు ఉంటుందేమో, సగం దూరం పోయేసరికి మడమ దగ్గర చర్మం చురుక్కుమని, ఇక అడుగు పడలేదు. పక్కనే కూచుని పాదాలు పైకెత్తి పట్టుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మదనపల్లె వైపు మనిషి, మాటని బట్టి తెలిసింది, అరవై దాటిన ముసలాయన, తన టవలు బాటిల్ నీళ్ళతో తడిపి రెండుగా చింపి "ఇది కాళ్ళకి చుట్టుకో తల్లీ" అని ఇచ్చాడు. "మీ టవలు చింపేసినారే" అంటే "టవలుదేముందమ్మా" అన్నాడు. ఆయన కాళ్ళకి నూలు సాక్సులున్నాయి. చాలామంది నడిచేవాళ్ళు అట్లా సాక్సులేసుకుని వస్తారు, ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నాను, ఎందుకో ఏనాడూ ఆలోచించలేదు. ఎండాకాలంలో పోయేవాళ్ళు రెండు జతలు సంచిలో వేసుకోండి, ఒక జత తడిపి వేసుకోవచ్చు. నీళ్ళ సంగతి కూడా చెబుతాను. దారిలో జలప్రసాదం కుళాయిలు ఉన్నాయి కాబట్టి నీళ్ళకి కొరత లేదు, కానీ ఉత్త నీళ్ళు తాగుతూ పోతే చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాదు, తల తిరగడం, పిక్కలు పట్టెయ్యడం అక్కడే మొదలవుతుంది. నేను సీసాలో ఉప్పు బాగా వేసిన మజ్జిగ తీసుకుపోయాను. గాలిగోపురం దగ్గర చిత్రాన్నం పొట్లం విప్పి తిన్నాను, కోతులకి కనపడకుండా గోడ వైపు తిరిగి. ఇంటికి అన్న ఫోన్‌కి మూడు చోట్ల నుంచి మెసేజ్ పెట్టాను. ఒంటరిగా పోవడమంటే ఎవరికీ చెప్పకుండా పోవడమని నా ఉద్దేశం కాదు.

తడి గుడ్డలు చుట్టుకుని మిగిలిన మెట్లు ఎక్కాను. స్వామి వైకుంఠం నుంచి దిగి మొదట అడుగు పెట్టింది నారాయణగిరి మీదనే అంటారు. తిరుమలలో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం. చిన్న మండపంలో పాదాలు. ఏటా అక్కడ ఛత్రస్థాపనోత్సవం చేస్తారు, స్వామి పాదాల దగ్గర గొడుగు నిలబెడతారు. ఆ గాలి చూస్తే గొడుగు ఎందుకు పెట్టాలనిపించిందో తెలుస్తుంది. ఈదురుగాలి. చెవుల్లో హోరు. వెనక్కి తిరిగి చూస్తే తిరుమల మొత్తం కింద ఉంది. సత్రాలు, రోడ్లు, క్యూ షెడ్లు, వాటి మధ్యలో గర్భగుడి మీది గోపురం ఆనందనిలయం, నా చిటికెనవేలి గోరంత, ఎండకి ఒక్క బంగారు చుక్క. దాని చుట్టూ కనుచూపు మేర అడవి. గోధుమరంగు, బూడిదరంగు, అక్కడక్కడా లోయల్లో మాత్రం పచ్చగా. పుట్టినప్పటినుంచీ నాకు తిరుమల అంటే ఒక ఊరు, ఆ ఊరి అంచున కాస్త అడవి. అక్కడినుంచి చూస్తే ఉన్నదంతా అడవే, మధ్యలో చిన్న ఊరు. 2014 మార్చిలో ఈ అడవి తగలబడి వైమానిక దళం హెలికాప్టర్లు నీళ్ళు పోసినప్పుడు మేం మిద్దె మీద నిలబడి పొగ చూశాం. "స్వామికి ఏమీ కాదులే" అనుకున్నాం. ఏమేమి కాలిపోతోందో మాకు తెలియదు. ఈ కొండల్లో తప్ప ఇంకెక్కడా దాదాపుగా పెరగని పేరీత మొక్క ఉంది, కొండ సాంబ్రాణి చెట్టు ఉంది, రాళ్ళ సందుల్లో బంగారు బల్లి, రాత్రిపూట కొమ్మల మీద దేవాంగపిల్లి. బీడీ ముక్క పారేసేవాడికైనా, ప్లాస్టిక్ వద్దంటే విసుక్కునేవాడికైనా ఈ పేర్లు తెలియవు. వాళ్ళకి కొండ ఎప్పుడూ దారే అయింది మరి. అడవిని కాపాడండి అని బోర్డు రాసిపెడితే సరిపోదు, మనిషి ఒక్కసారి అక్కడ నిలబడి ఆ లెక్క చూడాలి, ఎంత అడవి, ఎంత ఊరు.

అక్కడ అరగంట కూచున్నాను. ఎవరితోనూ మాట్లాడలేదు, ఫోటో ఒక్కటే తీశాను, అది కూడా బాగా రాలేదు.

భోజనం తర్వాత ఎండ తగ్గేదాకా చెట్టు నీడన పడుకుని, సాక్సులు కొనుక్కుని, నాలుగు దాటాక శ్రీవారి మెట్టు వైపు దిగాను. అది 2,388 మెట్లు, రెండు కిలోమీటర్లకి కొంచెం ఎక్కువ, చంద్రగిరి నుంచి రాజులు పోయిన దారి అంటారు. దిగడమే కదా అనుకుంటాం, మోకాళ్ళకి దిగుడే ఎక్కువ బరువు, పక్క కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాను. కింద బస్సెక్కి శ్రీనివాస మంగాపురం మీదుగా తిరుపతి. మడమ మీద బొబ్బ తగ్గడానికి ఎనిమిది రోజులు పట్టింది.

అమ్మ మూడు రోజులు ఆ సంగతి ఎత్తలేదు. నాలుగో రోజు రాత్రి కరెంటు పోతే ఇద్దరం మిద్దె మీద చాప వేసుకున్నాం. ఎదురుగా గాలిగోపురం లైట్లు, దాని పక్కన నామం, ఎప్పటిలాగే. చాలాసేపటికి "పాదాలు ఇక్కణ్ణించి కనపడవా?" అంది.

"కనపడవమ్మా. గోపురం వెనక, ఇంకా లోపల."

"ఇన్నిసార్లు పొయినా, ఆ పక్కకి పోనే లేదు మే. ఎప్పుడూ క్యూ, క్యూ అయినాక బస్సు." కాసేపాగి, "అక్కడ నిలబడితే గుడి కనపడుతుందా?" అని అడిగింది.

కనపడుతుందని చెప్పి, చీకట్లో నా చిటికెనవేలు ఆమె చేతిలో పెట్టి గోరు తడిమి చూపించాను.